తీసేసిన నాలుగు నిమిషాలు

శంషాబాద్ బస్టాండు దాటాక ఎడమ చేతి సందులో, మందుల దుకాణం పైన, జీవన్ ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. విమానాశ్రయం ఉన్న ఊరు కాబట్టి పాస్‌పోర్టు ఫోటోలకు కొదవ లేదు. అయితే అతని పేరు పదిమందికీ తెలిసింది ఆ ఫోటోల వల్ల కాదు, కెమెరాల మంచిచెడ్డలు చెప్పే యూట్యూబ్ ఛానెల్ వల్ల. ఎదురుగా కూర్చున్న మనిషితో ముచ్చటించినట్టు సొంత యాసలో మాట్లాడతాడు. ఏ కెమెరా చేతికొచ్చినా పది రోజులు వాడందే నోరు విప్పడు. "మంచీ చెప్త, చెడూ చెప్త, కొనుడు మీ ఇష్టం" అని మొదలుపెడతాడు. ఆ మాట మీద నమ్మకంతోనే తొంభై వేల మంది అతని ఛానెల్ చూస్తున్నారు. జీవన్‌కు కూడా ఆ మాట మీద నమ్మకముండేది. తను మొహమాటానికి లొంగే మనిషి కాదనుకోవడంలో అతనికి ఒక రకమైన సుఖం ఉండేది.

ఫోన్లు వచ్చాక మూలనపడ్డ చిన్న డిజిటల్ కెమెరాలు మళ్ళీ కుర్రకారు మెడల్లో వేలాడుతున్న రోజులు. ఆ మార్చిలో ఒక కొత్త కంపెనీ అలాంటిదే ఒకటి పరీక్షించమని అతనికి పంపింది. నల్లటి సబ్బుబిళ్ళంత ఉంది. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. జీవన్, అతని భార్య సుమలత కలిసి దాన్ని పది రోజులు తిప్పారు. ఛానెల్‌కు వీడియోలు తీసేదీ, కత్తిరించి అతికించేదీ సుమలతే.

కెమెరాలో మంచి గుణాలు చాలానే కనిపించాయి. ఎయిర్‌పోర్టు గోడ పక్క రోడ్డు మీద నిలబడి జూమ్ చేస్తే, దిగుతున్న విమానం తోక మీది అక్షరాలు వణక్కుండా వచ్చాయి. మనుషుల ఒంటి రంగును ఉన్నదున్నట్టు చూపింది. ఫోన్లలాగా తెల్లటి పూత పూయలేదు. మైకు మరీ బాగుంది. మేడ మీద గాలి కొడుతున్నా, మూడు గజాల దూరంలో సుమలత గొణిగిన మాట కూడా స్పష్టంగా వినిపించింది.

లోపాలూ ఉన్నాయి. మసక వెలుతురులో ముఖాన్ని పట్టుకోవడానికి తడుముకుంటుంది. బ్యాటరీ సగం ఉందని చూపించి ఉన్నట్టుండి పడిపోతుంది. ఎండలో తెర మీద ఏమీ కనబడదు. అన్నిటికన్నా పెద్దది వేడి. మిట్టమధ్యాహ్నం మేడ మీద స్టాండుకు బిగించి వీడియో ఆన్ చేస్తే, ఇరవై నిమిషాలకల్లా ఆగిపోయింది. చల్లారనిచ్చి మళ్ళీ పెట్టారు. పందొమ్మిది నిమిషాలు. మర్నాడు మళ్ళీ చూశారు. ఇరవై ఒకటి. ఆగేముందు తెర మీద చిన్న గుర్తొకటి చూపిస్తుంది గాని, ఎండలో ఆ తెర కనిపిస్తే కదా. చప్పుడు చెయ్యదు, ఏమీ చెయ్యదు. ముందున్న మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, కెమెరా మాత్రం ఎప్పుడో కళ్ళు మూసుకుని ఉంటుంది.

జీవన్ ఇదంతా పద్దెనిమిది నిమిషాల వీడియోలో చెప్పాడు. అందులో నాలుగు నిమిషాలు ఒక్క వేడి గురించే. బయటికి వదిలేముందు, వివరాల్లో తప్పులుంటే చెప్పమని కంపెనీకి పంపాడు. మర్నాడు కంపెనీ ప్రచారం చూసే ఝాన్సీ ఫోన్ చేసింది. ఆవిడ మాట మెత్తన.

"జీవన్ గారూ, మీ వీడియో మావాళ్ళందరం కూర్చుని చూశామండీ. ఎంత బాగా చెప్పారో! మే నెలలో హైదరాబాదులో మాకో పెద్ద కార్యక్రమం ఉంది. వేదిక మీద తెలుగులో మాట్లాడాల్సింది మీరేనని అప్పుడే అనేసుకున్నాం."

"అయ్యో, మస్తు సంతోషం మేడం."

"ఒక్క చిన్న మాటండీ. ఆ వేడి గురించి చెప్పారు చూడండి... అంత ఎండలో పెట్టి ఎవరు తీస్తారండీ మామూలుగా? నాలుగు నిమిషాలు దానికే పోయింది కదా. తీసెయ్యమని నేననటం లేదు. మీరే ఒకసారి ఆలోచించండి."

జీవన్ ఆలోచించాడు. ఆలోచించాడనడం కన్నా, వేదిక మీద మైకు పట్టుకున్న తన్ను తాను చూసుకున్నాడనడం నిజం. సాయంత్రం సుమలత పక్కన కుర్చీ లాక్కుని, "గా వేడి ముక్క తీసేద్దాం. వీడియో పొడుగైంది" అన్నాడు.

సుమలత తెర మీంచి చూపు తిప్పలేదు. "గది తీసేస్తే చెడు ఏం మిగిలింది?"

"బ్యాటరీ గురించి చెప్పిన కద."

"నీ ఇష్టం" అంది ఆవిడ. నాలుగు నిమిషాలూ పక్కకు పోయాయి. అక్కడ అతుకు తెలియకుండా కొత్తగా ఒక మాట చెప్పమని సుమలత అంటే, జీవన్ కెమెరా ముందుకెళ్ళి అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాడు: "ఇంట్ల పెద్దమనుషులుంటరు గద, వాళ్ళ ముచ్చట్లు గంటలకొద్ది రికార్డు చేసుకోవాలంటే ఫోన్ కన్నా గిదే మంచిగుంటది. వాళ్ళ గొంతు పక్కన కూసొని ఇన్నట్టే ఉంటది."

ఆ మాట బాగా కుదిరిందని ఇద్దరూ అనుకున్నారు.

* * *

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం స్టూడియోకు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళ యూనిఫాం మీద చున్నీ కప్పుకుని ఉంది. సంచిలోంచి ఆ కెమెరానే తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, నా పేరు అరుణ. మాది మహేశ్వరం దిక్కు. ఎయిర్‌పోర్టుల నడవలేనోళ్ళను కుర్చీల తోలుకపోయే పని నాది. మీ వీడియో చూసే గిది కొన్న" అంది. "గిందుల ఒకటి పోయింది. ఎట్లన్న జేసి మళ్ళ తీస్తరా?"

ఏం పోయిందని అడిగాడు జీవన్. ఆమె కుర్చీ అంచున కూర్చుని చెప్పింది.

ఆమె తండ్రి రాజయ్య బోరు మోటార్లు బాగుచేసే మనిషి. నోరు మూతపడని మనిషి కూడా. ఊళ్ళో రేడియో రాజయ్య అంటారు. ఆయనకు గొంతులో పుండు లేచి క్యాన్సర్ అని తేలింది. గొంతుపెట్టె మొత్తం తీసేస్తే తప్ప బతకడన్నారు పట్నం డాక్టర్లు. తీసేశాక మాట రాదు. ఏమన్నా మాట్లాడుకునేది ఉంటే ముందే మాట్లాడుకోండని కూడా అన్నారు. అప్పుడు అరుణ ఈ కెమెరా కొంది. దవాఖానకు పోయే ముందురోజు, ఆయన పాతికేళ్ళు మోటార్లు విప్పిన రేకుల షెడ్డు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టింది.

"రెండు గంటలు మాట్లాడిండన్నా. బొంగురు గొంతుతోనే. నేను పుట్టినకాడికెళ్ళి నా పెండ్లి దాంక. మా తాత ముచ్చట్లు. నా బిడ్డ పెద్దగైనంక ఏం చెప్పాల్నో గది. నన్ను కొట్టిన ఒక్క దెబ్బ గురించి కూడా చెప్పిండు. నేను ఏడ్సుకుంట కూసున్న, కెమెరా దిక్కు చూడనే లే."

జీవన్ మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. ఒక్కటే వీడియో ఉంది. పందొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. చెరిగిపోయినవేమన్నా ఉన్నాయేమోనని తన దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌తో వెతికాడు. ఏమీ ఉండవని అతనికి తెలుసు. ఆమె ఎదురుగా కూర్చుంది కాబట్టి వెతికాడు. ఆ ఒక్క వీడియో చివరికి జరిపి చూశాడు. ఎముకలు తేలిన ముసలాయన, మెడలో తువ్వాల, కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు. "బిడ్డా, నువ్వు పుట్టిన దినమే మన బోరుల నీళ్ళు పడ్డయి. గప్పుడు మీ అవ్వ ఏమన్నదంటే..." అక్కడితో ఆగిపోయింది.

"ఎండల పెట్టినవా అక్కా?" అని అడిగాడు జీవన్. ఆ ప్రశ్న ఎందుకడిగాడో అతనికే తెలియదు. జవాబు ముందే తెలుసు.

"అవునన్నా. షెడ్డు ముంగట జెరంతనే నీడ ఉండె. బాపును నీడల కూసోబెట్టిన, కెమెరా ఎండల పెట్టిన."

"గట్ల పెట్టొద్దు. వేడైతది. వేడైతే ఆగిపోతది."

అరుణ బల్ల మీది కెమెరా వైపు చూసింది. "మీ వీడియో మూడుసార్లు చూసిన అన్నా. గా మాట నాకు యాదికే లేదు. నేనే సరిగ ఇనలేదేమో."

ఆ క్షణంలో చెప్పాల్సిన మాట జీవన్ గొంతు దాకా వచ్చింది. బయట సందులో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అది రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది. అంత సేపూ ఆమె అతని ముఖంలోకే చూస్తోంది. జీవన్ కళ్ళు దించుకుని కార్డును మళ్ళీ కెమెరాలో పెట్టాడు.

"అయితది అక్కా ఒక్కొక్కసారి" అన్నాడు.

"నా చేతగానితనం" అంది ఆమె. ఎంత ఇమ్మంటారని అడిగితే జీవన్ ఏమీ వద్దన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. మెట్లు దిగుతూ ఒకచోట ఆగి, గోడకు చెయ్యి ఆనించి, మళ్ళీ దిగింది. పైనుంచి జీవన్‌కు అదంతా కనిపించింది.

ఆ వారమే అతని వీడియో కింద అరుణ నాలుగు వరుసలు రాసింది. "కెమెరా మంచిదే. నేనే తెలవక ఎండల పెట్టి ఖరాబు చేసుకున్న. అన్న దగ్గరికి పోతే ఎంతో ఓపికతో చూసిండు. పైస తీసుకోలే. గిట్లాంటి మంచి మనుషులు ఉండాలె. ఎవరూ ఎండల పెట్టకుర్రి." కింద రెండు దణ్ణం బొమ్మలు.

ఝాన్సీ ఆ వరుసలను ఫోటో తీసి అతనికే పంపింది. "చూశారా జీవన్ గారూ, ఎంత చక్కటి స్పందనో! మావాళ్ళకి కూడా చూపించాను" అని రాసింది.

జీవన్ అది చదివి ఫోన్ బోర్లా పెట్టాడు. మళ్ళీ తీసి చదివాడు. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన ఒక కుటుంబం ఎదురుగా కుర్చీల్లో ఉంది. వాళ్ళందరూ తననే చూస్తున్నట్టు, వాళ్ళకు విషయం తెలిసిపోయినట్టు అనిపించి అతని చెవులు వేడెక్కాయి. ఒకే మనిషిని రెండుసార్లు తీసి, ఇంకొకతన్ని తీయడం మరిచిపోయాడు.

ఇంటికెళ్ళి సుమలతకు జరిగింది చెప్పాడు. ఆవిడ అన్నం వడ్డిస్తూ విని, "మనకు ముందే తెల్సని ఆమెకు చెప్పినవా?" అని ఒక్కటే అడిగింది.

"లే."

సుమలత కూర గిన్నె అతని వైపు జరిపింది. తిట్టినా బాగుండుననుకున్నాడు జీవన్. తర్వాత ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫోల్డర్ తెరిచి, తీసేసిన నాలుగు నిమిషాలూ పెట్టింది. "నేను గూడ తీసిన కద, నా చేత్తోనే" అంది. తెర మీద జీవన్ మేడ మీద నిలబడి, కెమెరా మీద చెయ్యి వేసి, "అబ్బ, కాలుతున్నది! ఇరవై నిమిషాలు దాటితే గీన్ని నమ్మకుర్రి. పెండ్లిల తాళి కట్టేటప్పుడు ఆగిపోతే ఎవల్ని అడుగుతరు?" అని నవ్వుతున్నాడు. ఆ నవ్వే మనిషిని చూడలేక జీవన్ లేచి వెళ్ళిపోయాడు.

* * *

వెళ్ళి చెప్పెయ్యాలని అనుకున్నాక కూడా మూడు వారాలు గడిచాయి. పెళ్ళిళ్ళ రోజులని ఒకసారి, బండి రిపేరని ఒకసారి. మే నెలలో జరగాల్సిన కార్యక్రమం జూన్‌కు వాయిదా పడింది. ఆ కబురు విన్నప్పుడు తనకు నిరాశ కలిగిందని గమనించి జీవన్ తన మీద తనే అసహ్యపడ్డాడు. మర్నాడే బండి తీశాడు.

రాజయ్య ఇల్లు వెతుక్కోనక్కర లేకపోయింది. మహేశ్వరం దాటాక ఎవర్ని అడిగినా చెయ్యి చాపి చూపించారు. చుట్టూ జెండాలు పాతిన ప్లాట్లు, మధ్యలో మిగిలిన కాస్త జొన్నచేను, దాని అంచున రేకుల షెడ్డు. షెడ్డు నిండా విప్పేసిన మోటార్లు. రాజయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడకు అడ్డంగా తడిగుడ్డ కట్టి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికి పోయి బయటికి వస్తోంది. ఆయన జీవన్‌ను చూడగానే గుర్తుపట్టి, మంచం పట్టీ మీద చరిచి కూర్చోమన్నాడు. ఒళ్ళో ఉన్న నోటు పుస్తకంలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు.

"నీ ఈడియోలు సూస్త. మస్తు మాట్లాడ్తవ్."

జీవన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అరుణ తల్లి పోచమ్మ మంచినీళ్ళు తెచ్చింది. డ్యూటీ దిగి అరుణ వస్తుందని, వచ్చే వేళయిందని చెప్పింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నంత సేపూ జీవన్ చెప్పాల్సిన మాటలను లోపల వరుసగా పేర్చుకుంటున్నాడు. అరుణ ఆటో దిగి షెడ్డు దగ్గరికి రాగానే, ఆగితే మళ్ళీ నోరు పెగలదని భయపడి లేచి నిలబడ్డాడు.

"అక్కా, తప్పు నీది కాదు. గా కెమెరా ఎండల ఇరవై నిమిషాలకే ఆగిపోతదని నాకు ముందుగాలే తెల్సు."

అరుణ చటుక్కున తండ్రి వైపు చూసింది. "అన్నా, బయటికి రా. రోడ్డు మీద మాట్లాడుకుందాం."

తనకు అవమానం కాకూడదని అలా అంటోందనుకున్నాడు జీవన్. "వద్దక్కా, ఈడనే చెప్త, అందరి ముంగట. వీడియోల గా మాట చెప్పిన, కంపెనీ వాళ్ళు అడిగితే తీసేసిన. రెండు గంటల మాటలల్ల పందొమ్మిది నిమిషాలు తప్ప ఏం మిగల్లేదంటే గది నా వల్లనే."

రాజయ్య చేతిలో పెన్ను ఆగింది. ఆయన బిడ్డను చూశాడు. ఆ చూపు చూశాక గాని జీవన్‌కు అర్థం కాలేదు. ఆయనకు తెలియదు.

అరుణ షెడ్డు గుంజ పట్టుకుని నిలబడింది. "దవాఖానల కండ్లు తెరవంగనే చేతులతోని గదే అడిగిండన్నా, అంతా వచ్చిందా అని. వచ్చింది బాపూ, అంతా ఉన్నదని చెప్పిన. నెల దినాల కెళ్ళి గదే చెప్తున్న. చూపియ్యమంటే గొంతు మానినంక చూద్దామని చెప్తున్న."

జీవన్ తప్పు ఒప్పుకుని తన బరువు దించుకుందామని వచ్చి, ఆమె ఇంత కష్టపడి దాచుకున్నదాన్ని తన నోటితో బయట పెట్టాడు. ఇక్కడికి రావడంలో కూడా ముందు తన గురించే ఆలోచించుకున్నాడు.

"గా దినం నీ దుకాణంల ఎందుకు చెప్పలే?" అంది అరుణ. ఆమె గొంతు పెద్దది కాలేదు. "నేనే సరిగ ఇనలేదేమో అన్నప్పుడన్న ఎందుకు చెప్పలే?"

"సిగ్గైందక్కా."

"నీకు సిగ్గైందని నన్ను నెల దినాలు ఏడిపిస్తివా? బాపు ముఖం చూడబుద్ధి కాలే నాకు. నా చేతులు ఇరగ, ఒక్క బటన్ సక్కగ ఒత్తరాకపాయె అని కొట్టుకున్న."

పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజయ్య మంచం పట్టీ మీద గట్టిగా రెండుసార్లు కొట్టాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "వచ్చింది పెట్టు" అని రాశాడు.

అరుణ కెమెరా తెచ్చింది. నలుగురూ ఆ అగ్గిపెట్టెంత తెర మీదికి వంగారు. మొదటి పది నిమిషాలూ రాజయ్య కుర్చీ సరిగా లేదని, కెమెరా వంకరగా పెట్టావని బిడ్డను కసురుతూనే ఉన్నాడు. దారిన పోయే ఎవరినో పిలిచి, నీ మోటారు బేరింగు పోయింది, గిట్ల అరుస్తున్నది అని ఆ చప్పుడు నోటితో చేసి చూపించాడు. మంచం మీది రాజయ్య భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడని తెలియడానికి కాస్త సేపు పట్టింది. తర్వాత అరుణ పుట్టిన రోజు ముచ్చట. "గప్పుడు మీ అవ్వ ఏమన్నదంటే..." తెర నల్లబడింది.

"ఏమన్నవే అవ్వా?" అని మెల్లగా తల్లిని అడిగింది అరుణ.

"నాకు యాది లేదు బిడ్డా" అంది పోచమ్మ. "ముప్పై ఏండ్లాయె. మీ బాపుకే యాది ఉంటది."

అందరూ రాజయ్యను చూశారు. ఆయన ఆ మాట రాయలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, జీవన్ వైపు జరిగి, ఇంకేదో రాశాడు. "ఎండల ఎంత సేపు?"

"ఇరవై నిమిషాలు, కాకా."

"నీడల?"

"నలభై. ఎప్పుడన్న నలభై ఐదు."

"ఫ్యాను కింద?"

"గంట దాంక చూసిన, ఆగలే."

"మల్ల చల్లారనీకి?"

"పది నిమిషాలు."

విప్పిన మోటారును ఆరా తీసినట్టు ఆయన ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. ఆగేముందు చప్పుడు వస్తుందా, లైటు వెలుగుతుందా, బ్యాటరీ వేడా లోపలి బోర్డు వేడా, మైకు ఎంత దూరం పట్టుకుంటుంది. జీవన్ దేన్నీ పెంచకుండా, దేన్నీ తగ్గించకుండా జవాబు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఏ కెమెరా గురించీ ఇంత నిజంగా అతను మాట్లాడి ఉండడు. నిజం చెబుతున్నందుకు గర్వం మాత్రం ఇప్పుడు లేదు. ఒక్కో జవాబుకూ తల ఇంకాస్త కిందికి వాలింది.

చివరికి రాజయ్య ఇలా రాశాడు: "గివన్ని ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కనే కాకా."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మళ్ళీ తెరవలేదు. మెడ మీది గుడ్డ ఊపిరికి లోపలికీ బయటికీ ఆడుతూనే ఉంది. జీవన్ దణ్ణం పెట్టి లేచాడు. ఎవరూ కూర్చోమనలేదు.

* * *

బండి దగ్గరికి వచ్చేసరికి రావిర్యాల నుంచి వచ్చిన ఒక రైతు కాలిపోయిన మోటారును బండికి కట్టుకుని దిగుతున్నాడు. పేరు కొండల్ అన్నాడు. లోపల జరిగింది అతనికి తెలియదు. "కాక మాట్లాడడంటే నాకైతే ఇంక నమ్మబుద్ధి కాదన్నా. నిరుడు పంపిన మెసేజీలు ఇంక నా ఫోన్ల అట్లనే ఉన్నయి. టైపు కొట్టుడు రాదని అంతా గొంతుతోనే పంపెటోడు" అని తీసి వినిపించాడు. ఫోన్‌లోంచి రాజయ్య గొంతు ఖంగుమని లేచింది. అది బొంగురు పోకముందటి గొంతు. "ఓరి కొండల్, స్టార్టర్ డబ్బాల బల్లి పడి సచ్చిందిర, మోటారుది తప్పంటవేందిర!"

జీవన్ అది తనకు పంపమని బతిమాలి తీసుకున్నాడు. ఇంకెవరి మోటార్లు చూసేవాడని అడిగి పేర్లు రాసుకున్నాడు.

ఆ రాత్రే సుమలత, తను కలిసి కొత్త వీడియో చేశారు. తీసేసిన నాలుగు నిమిషాలను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టారు. తర్వాత జీవన్ కెమెరా ముందు కూర్చుని, అది ఎందుకు తీసేశాడో, ఎవరిని ఎలా ముంచాడో, ఊరూ పేరూ లేకుండా చెప్పాడు. కామెంట్లలో కొందరు మెచ్చుకున్నారు. చాలామంది తిట్టారు. "నువ్వు నిజాయితీగా మాట్లాడుతావనుకున్నా" అని ఎవరో రాసిన ఒక్క వరుస తిట్లన్నిటికన్నా లోతుకు దిగింది. ఝాన్సీ ఫోన్ చేసి, "ఇలా చేస్తారనుకోలేదండీ" అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది. కార్యక్రమం ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పాత వీడియో కింద అరుణ రాసిన నాలుగు వరుసలూ కనబడలేదు. ఆమే తీసేసుకుంది.

జూన్ అంతా, స్టూడియో మూసిన రోజుల్లో, జీవన్ ఊళ్ళు తిరిగాడు. మహేశ్వరం చుట్టూ రైతులను, పహాడీ షరీఫ్ అవతల కోళ్ళ ఫారం వాళ్ళను, ప్లాట్లకు నీళ్ళు తోలే ట్యాంకర్ల వాళ్ళను కలిశాడు. ఎందుకని అడిగినవాళ్ళకు, రాజయ్య కాక గొంతు ఆయన బిడ్డకు ఇయ్యాలె అని మాత్రం చెప్పాడు. కొందరి ఫోన్లు మారిపోయాయి. కొందరు చెరిపేసుకున్నారు. నలభై మూడు మెసేజీలు దొరికాయి. అన్నీ ఫ్యూజుల గురించి, వైండింగ్ గురించి, రేపొస్త ఎల్లుండొస్త అన్న అబద్ధాల గురించి. ఒక దాంట్లో వెనకాల పోచమ్మ అన్నానికి పిలుస్తుంటే, "ఆగు, వీడు పానం తింటున్నడు" అని కసరడం ఉంది.

వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోను, అరుణ ఫోన్‌లో పట్టే మెమరీ కార్డులోను పెట్టి, ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. అరుణ గుమ్మంలోనే నిలబడి తీసుకుంది. ఏమిటో విని, కాసేపు అతని చేతుల వైపు చూసింది.

"నాకు చెప్పిన మాటలు గివి కావన్నా."

"తెల్సక్కా."

"గా మాటలు ఇగ రావు."

"రావక్కా."

ఆమె లోపలికి రమ్మనలేదు, తలుపు వెయ్యనూ లేదు. లోపలికి వెళ్ళిపోయింది. జీవన్ బండి దాకా నడిచి తాళం పెట్టాడు గాని తిప్పలేదు. కాసేపటికి ఇంట్లోంచి రాజయ్య గొంతు గట్టిగా వినిపించింది. స్టార్టర్‌లో పడ్డ బల్లి గురించి ఎవరినో చెడామడా తిడుతోంది. పోచమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. ఆ వెంటనే అరుణ నవ్వింది, లేక అది కూడా ఏడుపేనేమో. వింటూ అక్కడ నిలబడే హక్కు తనకు లేదనిపించింది జీవన్‌కు. బండి చప్పుడు వాళ్ళకు అడ్డం రాకూడదని, స్టార్ట్ చెయ్యకుండా, రోడ్డు దాకా నెట్టుకుంటూ వెళ్ళాడు.